వేలు పెడితే పనిచేసే కార్డు

సుగుణత్త జ్ఞాపకార్థ కూడిక పోయిన నెలలో జరిగింది. పాస్టరుగారు ఆవిడ ప్రార్థనా జీవితం గురించి చెప్పారు. స్త్రీల సమాజం వాళ్ళు ఆవిడ పాటల గురించి, క్రిస్మస్‌కి వండే కోడి పలావు గురించి, జబ్బుపడినవాళ్ళ దగ్గర కూర్చుని కాళ్ళు పట్టే ఓపిక గురించి చెప్పారు. అన్నీ నిజమే. కానీ సగం జీవితం సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న ఆ చెయ్యి గురించి ఒక్కరూ ఒక్క ముక్క అనలేదు. నాకు ఒళ్ళు మండింది. మైకు నా చేతికి ఇచ్చినప్పుడు నేనైనా చెబుదామనుకున్నాను గాని వీలుపడలేదు. ఆ సంగతి చెప్పాలంటే ఆసిలోస్కోప్ గురించి చెప్పాలి, బ్యాండ్‌విడ్త్ గురించి చెప్పాలి. బయట షామియానా కింద భోజనాలు చల్లారిపోతున్నాయి. రెండు మాటలు ఏవో గొణిగి మైకు తిరిగి ఇచ్చేశాను. ఇక్కడైతే ఎవరి భోజనమూ చల్లారదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

అత్త మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. రెజిమెంటల్ బజార్‌లో మా ఇల్లు పొడుగ్గా, రైలు పెట్టెలా ఉండేది. వీధి గదిలో తాత, నడిమి గదిలో మేమంతా, వెనక వంటిల్లు, ఆ వెనక బొగ్గుల కుంపటి పెట్టుకునే సందు. పొద్దున అందరికంటే ముందు అత్త లేచేది. ఆవిడ చీరలకు ఎన్నిసార్లు ఉతికినా పోని ఒక వాసన ఉండేది, సోల్డర్, అంటే టంకం, కరిగినప్పుడు లేచే గుగ్గిలం వాసన. మా ఇంట్లో పిల్లలందరం అది అత్త ఒంటి వాసనే అనుకున్నాం. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో మొదటిసారి ఐరన్ వేడెక్కినప్పుడు నేను వెనక్కి తిరిగి అత్త కోసం చూశాను. ఇక సూదిలో దారం ఎక్కించాలంటే మా సందులో ఆడవాళ్ళందరూ మా గుమ్మం దగ్గరికే వచ్చేవాళ్ళు. అత్త సూదిని వెలుగుకి కూడా ఎత్తి చూసేది కాదు. మాట్లాడుతూనే ఎక్కించి ఇచ్చేసేది.

తాతది ఇంకో తీరు. బడిపంతులుగా పనిచేసి రిటైరయిన మనిషి. ఆయనకు ఎవరో బంధువు ఒక డిజిటల్ వాచీ బహుమతిగా ఇచ్చాడు. పొద్దున కుటుంబ ప్రార్థన వేళకు మోగేలా నాన్న దానికి అలారం పెట్టాడు. అది రోజూ కీచుమని మోగేది. ఇంట్లో అందరికీ వినబడేది, దాన్ని చేతికి పెట్టుకున్న తాతకు తప్ప. "గీ వాచీ మోగుతలేదు, ఖరాబైంది" అని రోజూ సణిగేవాడు. బజార్‌లో వాచీల దుకాణానికి రెండుసార్లు తీసుకెళ్ళి, బాగానే ఉందని చెప్పిన షాపతనితో పోట్లాడి వచ్చాడు. చెవిలో సన్నటి శబ్దాలు పోయాయని డాక్టరు చెప్పినా ఒప్పుకునేవాడు కాదు. "మీరందరు మాట్లాడేది మంచిగనే ఇనవడుతున్నది కదా, మరి నా చెవికేమైంది?" అనేవాడు.

అత్త పనిచేసే కంపెనీ నేరేడ్‌మెట్‌లో ఒక రేకుల షెడ్డు. పల్సులు, అంటే తీగలో ఒక్కొక్కటిగా వచ్చే కరెంటు తట్టులు, లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ కార్డులు తయారుచేసి పెద్ద సంస్థలకు ఇచ్చేవాళ్ళు. సోల్డరింగ్ చేసే ఆడవాళ్ళందరి మీదా అత్త ఇన్‌ఛార్జి. ఆవిడ మాట సాయంతోనే చదువు కాగానే నేను అక్కడ టెస్టింగ్‌లో చేరాను. యజమాని సూర్యనారాయణగారు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. స్వయంగా ఇంజనీరు. మంచివాడే, కాకపోతే ఒకసారి ఒక నిర్ణయానికి వచ్చాడంటే దాన్ని కదిలించడానికి గునపాలు కావాలి.

నేను చేరిన మరుసటి ఏడు ఒక పెద్ద ఆర్డరులో కార్డులు వెనక్కి రావడం మొదలైంది. పల్సు ఒకటి వస్తే అప్పుడప్పుడు రెండుగా లెక్కపెడుతున్నాయని ఫిర్యాదు. మా టేబుల్ మీద పెట్టి చూస్తే నిజమే. అయితే చిత్రమేమిటంటే, కార్డంతటికీ తాళం వేసే క్లాక్ సిగ్నల్ వెళ్ళే దారిలో ఒక చిప్ కాలు మీద వేలు పెడితే కార్డు బుద్ధిగా పనిచేసేది. వేలు తీస్తే మళ్ళీ తప్పు లెక్క. మా పనిలో ఉన్నవాళ్ళెవరైనా ఇది చూడగానే ఒకటే మాట అంటారు, డ్రై సోల్డర్ అని. అంటే టంకం పైకి అంటినట్టు కనబడుతుంది గాని లోపల పట్టలేదు, వేలితో నొక్కితే తగులుతుంది, వదిలితే విడిపోతుంది. సూర్యనారాయణగారు కూడా అదే అన్నారు. అత్త ఆ కాళ్ళన్నీ తానే కూర్చుని మళ్ళీ సోల్డర్ చేసింది. కార్డులు మారలేదు. టంకం మొత్తం పీల్చేసి కొత్తగా చేసింది. మారలేదు.

"సుగుణమ్మగారూ, వయసు మీద పడుతోంది కదా, కళ్ళేటైనా తేడా చేస్తున్నాయేమో సూపించుకోండి" అన్నారాయన అందరి ముందూ. కసురుకుంటూ అన్న మాట కాదు. జాలిగా అన్నారు, అదే అత్తను కోసేసింది. ఆవిడ కింద పనిచేసే అమ్మాయిలు తలలు దించుకుని ఐరన్లు తుడుచుకున్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో గాలి మారింది. అత్త కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అద్దాలు సరిగ్గానే ఉన్నాయి, చూపు బాగానే ఉందన్నాడు. "డాక్టరు ఏం జూస్తడే? గోడ మీద అక్షరాలు జూపిచ్చిండు. నేను గోడకు సోల్డర్ చేస్తనా?" అంది అమ్మతో. పక్కింటావిడ సూది, దారం పట్టుకుని వస్తే "నాకు తీరుతలేదు, విమలకియ్యి" అని నన్ను చూపించి లోపలికి వెళ్ళిపోయింది. అన్నం తింటూ తింటూ ఆగి కుడి చేతి వేళ్ళకేసి చూసుకునేది. ఒక సాయంత్రం వెనక సందులో నన్ను ఆపి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"బిడ్డా, నా చెయ్యే పాడైందా? నాకైతే టంకం అద్దం లెక్క మెరుస్తున్నట్టే కనవడుతున్నది. నా కండ్లు నాకే అబద్ధం చెప్తున్నయా?"

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఇన్‌ఛార్జి పని తీసేసి ఆవిణ్ణి ప్యాకింగులో కూర్చోబెడతారని షెడ్డులో గుసగుసలు అప్పటికే మొదలయ్యాయి. అత్తకు ప్యాకింగంటే ఇంట్లో కూర్చోబెట్టినట్టే. అంతకంటే ఘోరం, ఆవిడ దాన్ని న్యాయమేనని ఒప్పుకునేలా తయారైంది.

నా చేతిలో ఉన్న ఆయుధం ఒకటే, మా ల్యాబులోని ఆసిలోస్కోప్. తీగలో కరెంటు ఎలా పైకీ కిందికీ కదులుతోందో తెర మీద గీత గీసి చూపించే పెట్టె అది. ప్రతి స్కోప్‌కీ ఒక హద్దు ఉంటుంది, అంతకంటే వేగంగా జరిగే కదలికలను అది చూపించలేదు. ఆ హద్దునే బ్యాండ్‌విడ్త్ అంటాం. మాది వంద మెగాహెర్ట్జ్‌ది. కార్డు క్లాక్ ఇరవై. క్లాక్‌కి అయిదు రెట్లు ఉంటే స్కోప్ సరిపోతుందని అందరం నేర్చుకున్న సూత్రం, మాది సరిగ్గా అయిదు రెట్లు. తెర మీద గీత ఇస్త్రీ చేసినట్టు చక్కగా కనబడేది. సిగ్నల్‌లో దోషం లేదంటే దోషం టంకంలోనే ఉండాలి. స్కోప్ అంత శుభ్రంగా అత్త మీద సాక్ష్యం చెబుతోంది.

ఒక ఆదివారం పొద్దున ప్రార్థనకు అందరం చాప మీద కూర్చున్నాం. తాత చేతికి వాచీ కీచుమంటోంది, తాత "ఇగ ఈ వాచీ పారేస్త" అంటున్నాడు. అమ్మ నవ్వు ఆపుకుంటోంది. నేను మాత్రం కళ్ళు మూసుకోవడం మరిచిపోయి తాతనే చూస్తూ ఉండిపోయాను. తాత అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు వినబడేదంతా శుభ్రంగానే వినబడుతోంది. వినబడనిది ఉందని మాత్రం ఆయన చెవి ఆయనకు చెప్పదు. మా స్కోప్ కూడా అంతే కదా. నాన్న ఆమెన్ అన్నాక నేను ఆమెన్ అనలేదని అత్త నా మోకాలి మీద ఒకటి వేసింది.

సోమవారం పాత కార్డునీ కొత్త కార్డునీ పక్కపక్కన పెట్టాను. అప్పుడే తెలిసింది, వెనక్కి వస్తున్నవన్నీ కొత్త రకం చిప్‌లు వేసిన కార్డులని. పాత రకం బజార్‌లో దొరక్క, అదే పని చేసే మరింత వేగమైన రకం తెప్పించి వేశారు. మంచి చిప్ వేశామనే అందరూ సంతోషించారు. క్లాక్ మారలేదు, ఇరవై ఇరవయ్యే. కానీ సిగ్నల్ కింది నుంచి పైకి లేచే ఆ ఒక్క క్షణం, మేం రైజ్ టైమ్ అనేది, అది మారింది. గంటకు తలుపు ఎన్నిసార్లు తీస్తారన్నది ఒకటి, తీసిన ప్రతిసారీ ఎంత విసురుగా తీస్తారన్నది ఒకటి. మేమందరం మొదటిది లెక్కపెడుతున్నాం, గోడ అదిరేది రెండోదానికి.

తెర మీద ఆ రైజ్ టైమ్ కొలిచాను. మూడున్నర నానోసెకండ్లు. ఇంకో చిప్ దగ్గర కొలిచాను. అదీ మూడున్నరే. ఇంకోచోట కూడా అంతే. ఆ అంకె దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే వంద మెగాహెర్ట్జ్ స్కోప్ ఎంత తొందరపడినా తన గీతను అంతకంటే నిటారుగా లేపలేదు. అంటే నేను కొలిచింది చిప్‌ని కాదు, స్కోప్‌నే. అద్దంలో చూస్తున్నామనుకుని దాని వెనక పూతను చూస్తున్నాం మేం. అసలు చిప్ ఎంత వేగంగా లేస్తోందో డేటా బుక్కులో సూటిగా లేదు. ఉన్నవాటిని బట్టి ఒక నానోసెకండు ఉండవచ్చని అంచనా కట్టాను. సున్నా పాయింట్ మూడు అయిదుని ఆ కాలంతో భాగిస్తే ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలో తేలుతుంది. మూడు వందల యాభై మెగాహెర్ట్జ్ వచ్చింది.

అంత స్కోప్ మా కంపెనీ కలలో కూడా కొనలేదు. అయితే స్కోప్‌లు అమ్మే డీలరు కొనుగోలుదారులకు ఒక పూట తెచ్చి చూపించి తీసుకుపోయేవాడు. సూర్యనారాయణగారి గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఏటమ్మా ఇది? మీ అత్త మీద మమకారంతో స్కోప్‌కే తప్పు పడతావేటి?"

"సార్, క్లాక్‌కి అయిదు రెట్లన్న లెక్క ఈ చిప్‌లకు పనికి రాదు. సిగ్నల్ లేచే ఎడ్జ్ వేగం చూడాలి."

"సరే, డీలరు దగ్గర రెండు వందలది ఇక్కడే ఉంది. రేపే తెమ్మంటాను. సూసేద్దాం, అయిపోద్ది."

రెండు వందలది వస్తే ఏం చూపిస్తుందో నాకు తెలుసు. ఇంకాస్త నిటారు గీత, అంతే శుభ్రంగా. అప్పుడిక అత్త మీద ఒకటికి రెండు సాక్ష్యాలు. డీలరు ఇంకోసారి రాడు, సార్ ఇంకోసారి వినడు. ఏమీ చూడకముందే, చూడటానికి ఎంత కావాలో సరిగ్గా చెప్పాలి. తప్పితే దిద్దుకునే అవకాశం లేదు.

"ఐదు వందలది కావాలి సార్" అన్నాను.

"ఊరి బయట్నుంచి తెప్పించాలది. ఒక్క పూటే ఉంచుతాడు. అది వచ్చి కూడా ఏటీ లేదని తేలితే?"

"తేలితే అత్తను మీ ఇష్టం వచ్చినచోట కూర్చోబెట్టండి. నన్ను కూడా."

ఆ మాట అనేసి బయటికి వచ్చాను. అత్త ప్రాణాన్ని పందెంలో పెట్టే హక్కు నాకెవరిచ్చారు?

స్కోప్ వచ్చిన పొద్దున షెడ్డులో అందరూ పని ఆపి మా టేబుల్ చుట్టూ మూగారు. అత్తను కూడా పిలిపించారు. ఆవిడ చేతులు కొంగులో చుట్టుకుని దూరంగా నిలబడింది. డీలరు మనిషి స్కోప్ నుంచి వచ్చే ప్రోబ్ ముల్లుని చిప్ కాలికి తగిలించాడు. గీత లేచింది. లేచి, నిలబడకుండా, కొట్టిన గంటలా పైకీ కిందికీ ఊగింది. ఆ ఊగడాన్ని మేం రింగింగ్ అంటాం. ఊగుతూ ఊగుతూ సగం గీతకు, అంటే చిప్ పల్సుగా లెక్కపెట్టే సగం ఎత్తుకు, కిందికి గుంటలా దిగి మళ్ళీ లేచింది. అలా దిగి లేచినదాన్నే పక్క చిప్ రెండో పల్సుగా లెక్కపెడుతోంది. నేను గట్టిగా అరిచానేమో కూడా, నాకు గుర్తు లేదు.

సూర్యనారాయణగారు మాత్రం తల అడ్డంగా ఊపారు. "తొందరపడకు. ఆ గ్రౌండ్ క్లిప్ తీగ సూసేవా, జానెడుంది. అంత పొడుగు తీగ పెడితే ఏ సిగ్నలైనా ఊగుతాది. అది ప్రోబ్ ఊగుడు, కార్డుది కాదు."

ఆయన అన్నది నిజం. కాదనలేని నిజం. ఆ క్లిప్ తీసేసి, చిప్ పక్కనే పొట్టి తీగ ముక్కను గ్రౌండుకి, అంటే కరెంటు తిరిగి వెళ్ళే పట్టీకి, సోల్డర్ చేసి, ప్రోబ్ మెడను దానికి ఆనించి చూడాలి. ఎవరు చెయ్యాలి? అందరి చూపూ ఒకేచోటికి వెళ్ళింది. అత్త కొంగులోంచి చేతులు తీసింది. ఐరన్ అందుకుంది. ఏ చెయ్యి మీద నింద పడిందో ఆ చెయ్యి, నింద వేసినవాళ్ళందరూ చూస్తుండగా, బియ్యపు గింజంత చోటులో తీగను అతికించాలి. మొదటిసారి తీగ పక్కకు జారింది. ఎవరో నిట్టూర్చారు. అత్త ఐరన్ స్టాండులో పెట్టి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, మళ్ళీ తీసింది. ఈసారి పొగ సన్నగా లేచింది, టంకం మెరిసింది.

ప్రోబ్ ఆనించాం. ఊగడం తగ్గిపోయింది. సగానికి పైగా తగ్గిపోయింది. సార్ తెరకు దగ్గరగా వంగారు. తగ్గింది గాని పోలేదు. గుంట ఇంకా ఉంది, సగం గీతను ఇంకా రవ్వంత దాటుతోంది.

"సార్, ఒక్కపారి మీరే వేలు పెట్టున్రి" అంది అత్త.

ఆయన వేలు పెట్టారు. గుంట మాయమైంది. తీశారు. వచ్చింది. వేలు టంకాన్ని నొక్కడం లేదు, పరుగెత్తే సిగ్నల్‌కి కాస్త బరువు కట్టి నెమ్మదింపజేస్తోంది, అంతే. తర్వాత చిప్ దగ్గర లైనులో కరెంటు జోరు తగ్గించే ఒక చిన్న రెసిస్టర్ వేయించాను, దాన్నీ అత్తే అతికించింది. గీత నున్నగా లేచి నిలబడింది. కార్డు ఒకటికి ఒకటే లెక్కపెట్టింది. పొద్దంతా అలాగే లెక్కపెట్టింది.

సూర్యనారాయణగారు కార్డును పక్కన పెట్టి అత్తవైపు తిరిగారు. "మీ చోట మీరే కూర్చోండమ్మా, ప్యాకింగు మాటే లేదు" అన్నారు. అత్త కదల్లేదు. "నా కండ్లు పోయినయని అందరి ముందర అన్నరు సార్. గిది సుత అందరి ముందరనే చెప్పున్రి" అంది. ఆయన మొహం ఎర్రబడింది. కానీ ఆయన కూడా మనిషే. అమ్మాయిలవైపు తిరిగి, సుగుణమ్మగారి పనిలో ఏ లోపమూ లేదని, తప్పు తాను ఎంచిన చిప్‌దని పెద్దగా చెప్పారు.

ఇప్పుడు నేను అప్పుడప్పుడు సలహా కోసం వెళ్ళే ల్యాబుల్లో స్కోప్‌లు గిగాహెర్ట్జ్‌లలో ఉన్నాయి. ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలో కంప్యూటరే లెక్కగట్టి, దాని మీద ఎంత కలుపుకోవాలో కూడా చెప్పేస్తుంది. పిల్లలు చురుకైనవాళ్ళు, ప్రోబ్ గ్రౌండు సంగతి నాకంటే బాగా తెలుసు. కొలత తప్పితే ఇంకో పరికరం తెచ్చి మళ్ళీ కొలుస్తారు. వాళ్ళను చూస్తే సంతోషంగా ఉంటుంది, కాస్త అసూయగా కూడా ఉంటుంది. ఒక్కటే వెలితి. బోర్డు పాడైందంటే ఎక్కడో దూరాన ఏ ఫ్యాక్టరీలోనో చేసినవాళ్ళ తప్పని తేలిగ్గా రాసేసి పంపుతారు. ఆ చేసినవాళ్ళ చీర వాసన వాళ్ళకు తెలియదు. మధ్యలో ఒకసారి మూడు వందల యాభై స్కోప్ చేతికి దొరికితే, దాచుకున్న ఆ పాత కార్డు పెట్టి చూశాను. గుంట సగం గీతకు కాస్త పైనే ఆగిపోయింది. ఆ రోజు లెక్క ప్రకారం అడిగి ఉంటే కార్డు నిర్దోషిగా, అత్త దోషిగా మిగిలేవాళ్ళు.

అయిదు వందల స్కోప్ వచ్చి వెళ్ళిన ఆ సాయంత్రం నేరేడ్‌మెట్ నుంచి బస్సులో వచ్చి స్టేషన్ దగ్గర దిగి ఇంటికి నడుస్తున్నాం. బజార్ మొదట్లోకి రాగానే అత్త ఆగింది.

"ఒకటి అడుగుత, నిజం జెప్పు. ఐదు వందలని నీ లెక్కల వచ్చిందా, లేకుంటే నా కోసమని గట్ల అన్నవా?"

"లెక్కల వచ్చింది మూడు వందల యాభయ్యే అత్తా."

"మరి?"

"మిగిలిన నూట యాభై లెక్కల రాలే. నీ చెయ్యి తప్పు చెయ్యదని కలుపుకున్న."

అత్త నా మొహంలోకి చూసింది. తోపుడు బండ్లవాళ్ళు జరగమని అరుస్తున్నా జరగలేదు. కళ్ళు తుడుచుకుంది.

"అయితే గా నూట యాభై నాదన్నట్టు" అని, నా భుజం మీది సంచి లాక్కుని ముందు నడిచింది.